పల్లెయింటి పొదుపు

నేటి దినములలో అమ్మమ్మల వంటయింటిని పొగడుట యొక వేడుకయైనది. పట్టణములలోని పెండ్లివిందులయందు జొన్నరొట్టెకును, రాగిసంకటికిని ప్రత్యేకముగా బల్లలు వేయుచున్నారు. భారతదేశపు ప్రతిపాదనపై ఐక్యరాజ్యసమితి 2023వ సంవత్సరమును చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించిన పిమ్మట ఈ మోజు మఱింత ప్రబలినది. మన తిండి మనకు మరల రుచించుట సంతోషింపదగిన విషయమే. అయితే ఈ పొగడ్తలలో రెండు సంగతులు మఱుగున పడుచున్నవి. పూర్వపు గృహములలోని పొదుపు ఏ యాధారముమీద నిలిచియుండెను? ఆ పొదుపుయొక్క బరువు ఎవరి మెడపై పడుచుండెను? ఈ రెంటిని విచారింపక ఆ కాలమే కాలమని నిట్టూర్చినందువలన ఇంటికిగాని, ఊరికిగాని ఒరుగునది లేదు.

విషయమును గాలిలో విడువక ఒక యూరిని బట్టి చెప్పుదము. నేటి సూర్యాపేట జిల్లాలోని నడిగూడెము పూర్వము మునగాల పరగణాకు రాజస్థానము. నలువైపుల నైజాము రాజ్యము చుట్టియుండగా, నడుమ దీవివలె, చెన్నరాజధానిలోని కృష్ణాజిల్లాకు చేరియుండిన పరగణా యది. రాజా నాయని వేంకటరంగారావుగారు జమీందారుగను, కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు దివానుగను ఉండిన దినములలో ఈ చిన్నయూరు ఆంధ్రదేశపు గ్రంథాలయోద్యమమునకును, 1906లో వెలసిన విజ్ఞానచంద్రికామండలికిని అండగా నిలిచినది. పత్తిపంటపై పరిశోధనలు జరిపి పత్తి వెంకయ్యయని పేరొందిన పింగళి వెంకయ్యగారును ఇచ్చట వసించిరి. జాతీయపతాకము తమ కోటలోనే రూపు దిద్దుకొన్నదని ఊరివారు నేటికిని గర్వముతో చెప్పుకొందురు. ఎల్ల దాటినచో నైజాము. నాణెము వేఱు, సుంకము వేఱు. 1959లో పరగణా గ్రామములు నల్లగొండ జిల్లాలో చేరెను. 2016లో సూర్యాపేట జిల్లా యేర్పడెను. రెండు సీమల నడిమి యూరగుటచే ఇచ్చటి పొయ్యిమీద బెజవాడ అరిసెలకును, తెలంగాణపు సకినాలకును సమానముగా చోటు దొరకినది.

నాగార్జునసాగరపు నీరు 1967లో కాలువలకెక్కుటకు పూర్వము ఈ ప్రాంతము చాలవరకు మెట్ట. చెరువు క్రింద పండిన కొలదిపాటి వరి తప్ప మిగిలినదంతయు జొన్న, కంది, ఆముదము, వేరుసెనగ. అందుచేత వరియన్నము పండుగనాటి వస్తువు. అట్టి వరిగింజను ఆ యిండ్లలో ఎట్లు వాడెడివారో కొంచెము నిదానించి చూడదగును.

ధాన్యమును రోట దంచి చెఱిగినప్పుడు ఊక పొయ్యిలోనికి పోయెడిది. దాని బూడిద గిన్నెలు తోముటకును, కొందఱికి పండ్లు తోముటకును పనికివచ్చెడిది. తవుడు పాడిపశువునకు, నూకలు జావకును, ఉప్పుడు పిండికిని. బియ్యము కడిగిన నీటిలో మొదటిది కుడితి తొట్టిలోనికి, రెండవదైన కడుగు పులుసులోనికి. అన్నము వార్చిన గంజిలో ఉప్పువేసి త్రాగెడివారు. మిగిలినది చీరలకును, పంచెలకును పెట్టెడివారు. రాత్రి మిగిలిన యన్నము తరవాణి కుండలో మునిగి తెల్లవారునప్పటికి పులిసి చద్దియగును. కుండ యడుగున పట్టిన మాడుచెక్కకై పిల్లలు పోట్లాడుకొనెడివారు. కూరగాయల తొక్కలు కుడితిలో కలిసెడివి. అవియు అన్నియు కావు. బీరపొట్టు పచ్చడియగును, దోసగింజలు ఎండి పొడియగును, చవుకగా దొరకిన దినములలో వంకాయయు, చిక్కుడును తఱిగి యెండబెట్టినచో వరుగులై వానకాలమున కూరగా వచ్చును. కుడితి త్రాగిన గేదె పాలును, పేడయు నిచ్చును. పేడ పిడకయై పొయ్యిలోనికో, పెంటకుప్పమీదుగా చేనిలోనికో పోవును. పెరటిలో పడిన దేదియు పెరడు దాటి చెత్తయై వీథికి వచ్చుట లేదు.

ఇది వట్టి పిసినారితనము కాదు. ఇందు శాస్త్రమును కలదు. బియ్యమునకు పైపొరలోనున్న బలము తవుటితోను, గంజితోను పోవునని వైద్యులు కనిపెట్టుటకు చాలకాలము పట్టినది. జావాద్వీపమున ఐక్‌మన్ అను డచ్చి వైద్యుడు తెల్లబియ్యము తిన్న కోళ్ళకు కాళ్ళు పడిపోవుటను 1890 ప్రాంతములలో గమనించి, తుదకు 1929లో నోబెల్ బహుమానమును పొందెను. ఆ రోగమునకే మనుష్యులలో బెరిబెరి యని పేరు. మర తెల్లబియ్యము మరగిన మన ఉత్తర సర్కారులయందు అది యొకప్పుడు నాటుకొని యుండెను. దంపుడు బియ్యము వండి గంజి త్రాగిన కూలివానికి దాని భయము తక్కువ. 1934లో వార్ధాలో అఖిలభారత గ్రామపరిశ్రమల సంఘమును గాంధీమహాత్ముడు స్థాపించినప్పుడు, దానిని నడపిన జె. సి. కుమారప్పగారు దంపుడు బియ్యమును, బెల్లమును పట్టుకొని వేలాడుటకు ఇదియే హేతువు. నాడు వారిని వెనుకటి కాలపువారని నవ్విన పట్టణవాసుల మనుమలు నేడు అదే బియ్యమును అంగడిలో ఇనుమడి వెలకు కొనుచున్నారు.

గుడ్డ సంగతియు నట్టిదే. కొత్తచీర పండుగకును, పెండ్లికిని పోయి పాతబడి యింటిచీర యగును. అంచు చిరిగినచో అంచు మార్చి, నడుమ చిరిగినచో రెండు ముక్కలను మరల కలిపి కుట్టి కట్టుకొనెడివారు. ఆ తరువాత ఆడపిల్లలకు పరికిణీలు. మెత్తబడిన పాతపంచెలు పురిటింట పొత్తిగుడ్డలు. పుట్టిన బిడ్డ ఒంటిమీద తొలుత పడునది కొత్తబట్ట కాక తాతగారి పంచెముక్క యగుట యొక యాచారముగనే యుండెను. మఱింత పాతబడినవి పొరలు పొరలుగా పేర్చి బొంతగా కుట్టెడివారు. వంగదేశపు కాంతా కుట్టుపనిని నేడు అద్దాల బీరువాలలో పెట్టి చూపుచున్నారు గాని, మన బొంతయు దాని తోబుట్టువే. బొంత చిరిగినచో మసిగుడ్డలు; కడపటి పీలికలు దివ్వెకు వత్తులు. చేనిలోని పత్తి దీపములో వెలుగువఱకు ఎన్ని యవతారము లెత్తినదో చూడుడు! పత్తి వెంకయ్యగారు వసించిన యూర ఈ మాట చెప్పుకొనుట తగియున్నదని మా తలంపు. ఖద్దరుద్యమము దినములలో నాయకులు వేదికలపై బోధించిన మితవ్యయము పల్లెటూరి యాడువారికి కొత్త కాదు. గాంధీజీ వచ్చిన జాబుల వెనుకప్రక్కను, విప్పిన కవర్ల లోపలిప్రక్కను వ్రాసికొనుట లోకమునకు వింతగా తోచినది. ఆముదపు దీపపు మసిని కాటుకకు పట్టెడి యిల్లాలికి అందులో వింత యేమి?

పాతకాగితముల గూర్చి యొకమాట చెప్పక తప్పదు. నానబెట్టిన పాతపత్రికలను మెంతులతో కలిపి రోట రుబ్బి, ఆ ముద్దను బోర్లించిన కుండపై మెత్తి యెండబెట్టినచో గట్టి తట్టలగును. పప్పులు, చింతపండు పోసికొనుటకు అవి ఏండ్ల తరబడి నిలుచును. మాబోటివారు దేశోద్ధారణకై వ్రాసిన సంపాదకీయములలో చాలవఱకు తుదకు కందిపప్పును మోసినవి. అంతకంటె ప్రయోజనకరముగా అవి యెన్నడేని యుపయోగపడెనో లేదో!

ఇక చిన్నప్పటి తిండ్లు. తొలియేకాదశినాడు జొన్నపేలాలు విసరి, బెల్లము కలిపి చేసిన పేలపిండి. పాలుపట్టిన జొన్నకంకులను కాల్చి నలిపి యూదుకొని తిను ఊచబియ్యము. రోట దంచిన నువ్వుల చిమ్మిలి. వేసవిలో తాటిముంజలు, చలికాలమున తేగలు. చేలగట్లమీది రేగుపండ్లు, పరికిపండ్లు. వేయించి నానబెట్టిన చింతగింజలు, అవి నమలునప్పటి దవడ నొప్పియు. ఆవకాయ కలిపిన పళ్ళెరములో వేడియన్నము వేసి అమ్మ పిడికెడు పిడికెడు అందఱి చేతులలో పెట్టినప్పటి రుచి, వెన్న కాచిన గిన్నె యడుగున మిగిలిన గోకుడులో కలిపిన ముద్ద రుచి, నలువది యేండ్లు దాటిన ఏ తెలుగువాడును మఱచియుండడు. ఈ జాబితాలో ఒక్కదానికిని పైపొట్లము లేదు. దేనికైన పొట్లము కావలసివచ్చినచో మోదుగాకు కలదు. నేడు అదే యూరి బడిపిల్లల చేతిలో 5 రూపాయల మెఱుపుకాగితపు పొట్లము. లోపలి తిండి నిమిషములో ముగియును, పైకాగితము మాత్రము వారి మనుమల కాలమువఱకు మురుగుకాలువలో నుండును.

ఇంతవఱకు చెప్పినది చదివి మన భూస్వాములు తలయూపుచుందురు. ఇప్పుడు వారికి రుచింపని భాగము.

ఆ చద్దియన్నమును ఎవరు తినెడివారు? ఇంటి యజమాని కాదు. వేడియన్నము పురుషులకును, పిల్లలకును వడ్డించిన పిమ్మట నిన్నటి చద్దియు, అడుగంటిన కూరయు కోడలికి. ఏ వస్తువును పాఱవేయరాదను నియమమునకు కాపలాకత్తె అత్తగారు. ఆ నియమమును కడుపుతో మోయునది కోడలు. బొంత కుట్టినది, వరుగులు ఎండబెట్టినది, కోడికూతకు లేచి వడ్లు దంచినది ఆడుది. ఆ పనికి లెక్కలేదు, కూలి లేదు. ధాన్యపుమర వచ్చినప్పుడు దేశభక్తులు విచారించిరిగాని, రోకలి చేతబట్టిన స్త్రీ విచారించియుండదు. ఆమెను తప్పుపట్టుటకు మాకు నోరు రాదు.

జీతగాని సంగతి ఇంకొకటి. దొరగారి యింటిలో జొన్నసంకటి పొదుపు. జీతగాని గుడిసెలో అదే సంకటి లేమి. ఒకటి కోరి చేసినది, వేఱొకటి గతిలేక చేసినది. పైకి రెండును ఒకటివలెనే కనబడును. కోట దివాణమునకు వెట్టిచేసి, యింటికి పోయి గంజి త్రాగినవాని యెదుట మితవ్యయమును బోధించుట పరిహాసము. 1930 తరువాతి యేండ్లలో మునగాల పరగణా రైతులు వెట్టికిని, అక్రమపు వసూళ్ళకును ఎదురుతిరిగి చేసిన పోరాటము ఆ గంజినుండి పుట్టినదే. 1948 నాటి చెన్నరాష్ట్రపు శాసనముతో జమీందారీలు రద్దయ్యెను. పుస్తకములను ప్రేమించిన జమీందారును, వెట్టిచేసిన రైతును ఒక్క పరగణాలోనే యుండిరి. ఒకరిని తలచుకొని మఱొకరిని మఱచువాడు ఆ యూరి కథను సగమే చెప్పినవాడగును.

కనుకనే 1983లో కిలో 2 రూపాయల బియ్యము వచ్చినప్పుడు పేదయింట జొన్నసంకటి మూలపడినది. 2025 ఉగాదినాడు ఇదే జిల్లాలోని హుజూరునగరమున సన్నబియ్యపు పథకము ప్రారంభమై చౌకదుకాణమున తలకు 6 కిలోలు ఇచ్చుచున్నప్పుడు, మీ తాతలు జొన్నలు తిని బలముగా నుండిరి గదాయని కూలివానితో ననుట మర్యాద కాదు. జొన్నలు మంచివే. అయితే నేడు అవి సన్నబియ్యముకంటె ప్రియము. తినుమని చెప్పువారు ముందుగా వెల సంగతి చూడవలెను. పండించిన రైతునకు గిట్టుబాటు చూపి, చౌకదుకాణములో బియ్యముతోపాటు జొన్నలను పెట్టింపవలెను.

పాతపొదుపు ఏల పోయినదని యడిగినచో, మనుష్యులు సోమరులైరనియు, ఆడువారు చదువుకొని చెడిపోయిరనియు చెప్పువారు మన యరుగులమీద ఇప్పటికిని ఉన్నారు. అది తెలియని మాట. పొదుపు గొలుసువంటిది, దాని నడిమి కొంకి పశువు. కాలువనీరు వచ్చినది, వరి వచ్చినది, ట్రాక్టరు వచ్చినది; ఎద్దులు పోయినవి. వడ్లు కల్లమునుండి నేరుగా మిర్యాలగూడెపు మిల్లులకు పోవుటతో తవుడును, నూకయు, ఊకయు ఊరు విడిచినవి; ఆ తవుడునుండి నూనె తీసి సీసాలలో మనకే మరల అమ్ముచున్నారు. కోతయంత్రము విడిచిన గడ్డిని ఏఱుటకు కూలి గిట్టదు, మేపుటకు పశువు లేదు. కావున చేలలోనే నిప్పుపెట్టుచున్నారు. గొడ్డుచావిడి వట్టిపోయిన యింటిలో కుడితి తొట్టి యేల? తొక్కలు సంచిలోనికి, సంచి వీథిలోనికి. ఇల్లాలు అదే యిల్లాలు. ఆమె చేతినుండి వస్తువు పోవలసిన చోటు మాయమైనది.

దీని ఫలితము రైతు సంచికే తగులుచున్నది. 2025 వానకాలమున తెలంగాణములో యూరియా బస్తాకై రైతులు తెల్లవారుజామున వరుసలలో చెప్పులు పెట్టి నిలిచిన దృశ్యమును అందఱును చూచితిమి. ఒకవంక ఎరువునకై వరుసలు, మఱొకవంక ఎరువు కాదగిన గడ్డికి మంటలు! సర్ ఆల్బర్టు హోవర్డు అను ఆంగ్లేయుడు ఇండోరులో పనిచేసి, ఆకు, గడ్డి, పేడ, మట్టి పొరలుగా పేర్చి ఎరువు చేయు పద్ధతిని 1931లో గ్రంథముగా ప్రకటించెను. హిందూదేశపు రైతులే తనకు గురువులని ఆయన చెప్పుకొనెను. గురువులు ఆ విద్యను మఱచిరి. శిష్యుని పేరు విదేశములలో నిలిచినది. పేడ లేనిచోట కుళ్ళినగడ్డికిని, పచ్చిరొట్టకును దారులు కలవు. జీలుగ, జనుము చల్లి దుక్కిలో కలియదున్నుట మన తండ్రులెరిగిన పనియే.

పంచాయతీల సంగతికి వచ్చెదము. 2019లో పల్లెప్రగతి యను పేర ఊరూర ట్రాక్టరు, చెత్తబండి, చెత్తవేయు స్థలము, ఎరువుచేయు షెడ్డు ఏర్పాటయ్యెను. ఉద్దేశము మంచిది, అందులో మాకు సందేహము లేదు. అయితే పూర్వము పెరటిగుంట కానీ ఖర్చు లేక చేసిన పనిని నేడు డీజిలు కాల్చి ఊరవతలకు మోసికొనిపోయి చేయవలసివచ్చుచున్నది; అదియు పూర్తిగా చేసినచో మేలే. తడిచెత్తయు పొడిచెత్తయు ఒకే బండిలో కలిసి పోయి ఒకేచోట పడి పొగలు గ్రక్కుచున్నచో ఆ షెడ్డు కట్టుట యెందులకు? మీ యూరి షెడ్డులో ఈ యేడు ఎన్ని బండ్ల యెరువు తయారైనది, ఎవరి చేనికి తోలినారు అని గ్రామసభలో అడుగుడు. చదువుకొన్నవారు, పన్నుకట్టువారు అడుగకున్నచో మఱెవ్వరు అడుగుదురు? పెరడున్న యిల్లు తన తడిచెత్తను తన పెరటిలోనే పూడ్చుకొన్నచో బండి సగము తేలికపడును. మా యభిప్రాయమున, పెరడు లేని బీదవాడలకే బండి ముందుగా పోవలెను. నేడు చాలచోట్ల అది పెద్దవీథులనే ముందు తిరుగుచున్నది.

ఒక్కసారి వాడి పాఱవేయు ప్లాస్టిక్కు వస్తువులు కొన్నింటిని కేంద్రప్రభుత్వము 2022 జూలై 1వ తేదీనుండి నిషేధించినది. గరిటెలు, పళ్ళెరములు, గ్లాసులు, గొట్టములు ఆ పట్టికలో కలవు. ఆ వస్తువులతోనే మన పెండ్లివిందులు నిరాటంకముగా సాగుచున్నవి. ఇచ్చట పోలీసువానితో పనిలేదు. కోదాడ, సూర్యాపేట, మిర్యాలగూడెముల కల్యాణమండపములలో విందుచేయు గృహస్థులు పదిమంది మోదుగ విస్తళ్ళును, లోహపు గ్లాసులును తప్ప మఱొకటి పెట్టబోమని నిశ్చయించుకొన్నచో తక్కినవారు పరువుకొఱకైనను అనుకరింతురు. మన సంఘములో శాసనముకంటె పరువు త్వరగా పనిచేయును. విస్తళ్ళు కుట్టువారికి పని దొరకును. తిన్న విస్తరి ఎరువగును. విందులో మిగిలిన యన్నమును మాత్రము, పులిసిన తరువాత కాదు, వేడి చల్లాఱకమునుపే పంచుడు. పూర్వపు జీతగానికి దొరకినది పులిసినదే.

అట్లే పాతబట్టలు. ఇప్పటి చీరలలో నూలు తక్కువ, మరనూలు పోగు ఎక్కువ. అవి బొంతకు అంతగా పనికిరావు, వత్తికి అసలే పనికిరావు. అయినను నూలుబట్టలు పెట్టెల నిండ మూలుగుచున్న యిండ్లు మన పాఠకులలో లేకపోలేదు. వానిని గిన్నెలమ్మువానికి తూకమునకు ఇచ్చి ఒక స్టీలు డబ్బా పుచ్చుకొనుటకంటె, ఊరిలో బొంతలు కుట్టుట తెలిసిన ముసలమ్మను పిలిపించి కుట్టింపుడు. ఆమెకు ఒకపూట భోజనము పెట్టి, పాతచీర యొకటి చేతిలోపెట్టి పంపుట పూర్వాచారము. ఆ యాచారమును విడువుడు. బొంత ఒకటికి ఎన్నిదినములు పట్టునో ఆమెనే యడిగి, వరినాటు కూలీకి తక్కువ కాకుండ దినమునకింతయని లెక్కగట్టి రొక్కముగా నిండు.